ఐ7-12700ఎఫ్‌కి హెచ్610 బోర్డు ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా?

చిత్రావతి_గేమర్
అనంతపురంలో ఒక అంగట్లో గేమింగ్ పీసీకి కొటేషన్ రాయించుకున్నా. ఐ7-12700ఎఫ్ ప్రాసెసర్, హెచ్610 మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్ (ఒకటే స్టిక్కు), ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు, 550 వాట్ల పవర్ సప్లై. ఆడేది వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2, అప్పుడప్పుడు సైబర్‌పంక్. మానిటర్ 1080పీ, 165 హెర్ట్జ్. "ఐ7 కదప్పా, ఐదారేండ్లు దాని జోలికి పోనక్కర్లే" అంటాండారు. ప్రాసెసర్ మీద అంత పెట్టి బోర్డు అంత చిన్నది ఏంటికి అనేదే నా అనుమానం. ఇంకా అడ్వాన్సు ఇయ్యలే. ఏం మార్చమంటారు?

బురుజు_బిల్డ్స్
అడ్వాన్సు ఇయ్యకముందే అడిగినావు, మేలు. 12700ఎఫ్‌కు 65 వాట్లే అని చూపిస్తారు. అది బేస్ పవర్. టర్బోకు, అంటే పూర్తి వేగంతో పరుగెత్తేటప్పుడు, ఇంటెల్ వాళ్ళు రాసిన లెక్కే 180 వాట్లు.

చౌక హెచ్610 బోర్డును ఒకసారి దగ్గర నుంచి చూడు. సాకెట్ పక్కన బూడిదరంగు చదరపు దిమ్మెలు వరసగా ఉంటాయి, వాటిని ఆనుకుని చిన్న చిన్న నల్ల చిప్పులు. దిమ్మెలు చోకులు, నల్లవి మాస్‌ఫెట్లు. పవర్ సప్లై నుంచి వచ్చే 12 వోల్టులను ప్రాసెసర్‌కు కావలసిన ఒకటి, ఒకటింపావు వోల్టుకు దించేది అవే. దాన్నే వీఆర్ఎం అంటాం. మంచి బోర్డులో ఆ నల్ల చిప్పుల మీద అల్యూమినియం హీట్‌సింక్ ఉంటాది, చౌకవాటిలో చాలా మటుకు ఏమీ ఉండదు. మన మే నెల ఎండలకు గట్టి లోడు పడితే అవి వంద డిగ్రీలు దాటుతాయి. అప్పుడు బోర్డు తనను కాపాడుకోడానికి ప్రాసెసర్ వేగం తగ్గిస్తాది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో (వేడి, వేగం చూపించే ప్రోగ్రాం) తెరిస్తే పర్ఫార్మెన్స్ లిమిట్ల కింద వీఆర్ థర్మల్ దగ్గర "యెస్" అని పడుతుంది. అది కనిపించిందంటే నువ్వు కట్టింది ఐ7 డబ్బు, నీకు అందేది ఐ5 పని.

గుత్తి_జంక్షన్
బురుజన్నా, సగమే ఒప్పుకుంటా. 180 వాట్లనేది రెండరింగు, వీడియో ఎన్‌కోడింగు లాంటి అన్ని కోర్లూ నిండే పనులకు. గేముల్లో దాదాపు అందులో సగం దగ్గరే ఆగుతుంది. ఆడుకునేవాళ్ళకు హెచ్610తో నష్టం వేరే చోట ఉంది.

ఆ చిప్‌సెట్‌లో (బోర్డు మీది కంట్రోలర్ చిప్పు) మెమొరీ ఓవర్‌క్లాకింగ్, అంటే ర్యామ్‌ను మామూలు హద్దు దాటించి నడపడం, లేదు, డీడీఆర్4 అయితే 3200 దగ్గర నిలబడిపోతాది. 3600 ర్యామ్ కొన్నా దండగ. ర్యామ్ స్లాట్లు రెండే. ప్రాసెసర్‌కు నేరుగా తగిలే ఎం.2 స్లాటు లేదు, ఎస్ఎస్‌డీ చిప్‌సెట్ ద్వారా పీసీఐఈ 3.0 (ఎస్ఎస్‌డీ, కార్డులు డేటా పంపుకునే దారి, ఇది పాత తరం) వేగంతోనే నడుస్తాది. అన్నిటికన్నా పెద్దది: ఎల్‌జీఏ1700 సాకెట్ కథ అయిపోయింది. 14వ తరమే ఆఖరు. 2024 అక్టోబరులో వచ్చిన కోర్ అల్ట్రా 200 వాటికి సాకెట్ కూడా వేరే, ఎల్‌జీఏ1851. "ఐదారేండ్లు చూసుకోనక్కర్లే" అన్నారు కదా, ఐదేండ్ల తర్వాత చూసుకోవాలన్నా అందులో పెట్టడానికి కొత్తది ఉండదు.

పెన్నా_పిక్సెల్
ముందు ఆ ఒక్క స్టిక్కు మార్పించు తమ్ముడూ. ఒకే స్టిక్కంటే సింగిల్ చానెల్, మెమొరీ బ్యాండ్‌విడ్త్ సగానికి సగం పోతుంది. సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెర మీద మారే బొమ్మలు) కంటే "1% లో" (Low, మరీ పడిపోయిన క్షణాలు) అనే లెక్కలో దెబ్బ బాగా తెలుస్తుంది. అంటే మామూలుగా సాఫీగా నడిచి, నలుగురు ఒకేసారి మీద పడినప్పుడు టక్కున ఆగి కదులుతుంది. వాలరెంట్‌లో చచ్చేది ఆ క్షణంలోనే.

చిత్రావతి_గేమర్
సరే, ఐ7 వదిలేస్తా. మరి ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడూ కలిపి దాదాపు అదే డబ్బులో ఏం తీసుకోవాల? ఏఎండీ వైపు పోతే రైజెన్ 5 7600 అంటాండారు, దానికి ఏ620నా, బీ650నా?

తుంగభద్ర_టెక్
7600 మంచి ఎంపిక. 6 కోర్లు, 12 థ్రెడ్లు, 65 వాట్ల టీడీపీ, గట్టిగా లాగినా 88 వాట్లు. పెట్టెలోనే రెయిత్ స్టెల్త్ కూలర్ వస్తుంది. 7600ఎక్స్, 9600ఎక్స్ పెట్టెల్లో కూలర్ ఉండదు, ఆ ఖర్చు కలిపి పోల్చుకో.

నీ 1080పీ, 165 హెర్ట్జ్‌కి, 4060 కార్డుకి ఇది చాలు. సైబర్‌పంక్‌లో కార్డే ముందు చేతులెత్తేస్తుంది, ప్రాసెసర్ ఖాళీగా ఉంటుంది. ఏది ఆపుతోందో తెలుసుకోవాలంటే గేములో రిజల్యూషన్ తగ్గించి చూడు. ఎఫ్‌పీఎస్ పెరిగితే ఆపింది కార్డు, పెరగకపోతే ప్రాసెసర్. ఎక్స్3డీ రకాలు (7800ఎక్స్3డీ, 9800ఎక్స్3డీ) 96 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమొరీ)తో వస్తాయి, గేములకు వాటిని మించినవి లేవు. కానీ 4060 పక్కన వాటిని పెట్టడం డబ్బును తప్పు చోట పెట్టడమే. ఆ తేడాతో ఇంకా మంచి కార్డు వస్తుంది.

బోర్డు సంగతి. ఏ620లో ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ లేదు, ఎక్స్‌పో (ర్యామ్‌ను దాని మీద రాసిన పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) మాత్రం పనిచేస్తుంది. 7600 ఒక్కదాన్నే చివరిదాకా వాడతానంటే ఏ620 కూడా నడుస్తుంది. కానీ ఏఎం5 (7600 కూర్చునే సాకెట్) తీసుకునేదే రేపు ప్రాసెసర్ మాత్రం మార్చుకుందామని కదా. 2022లో వచ్చిన ఈ సాకెట్‌ను 2027, ఆ తర్వాత దాకా నడుపుతామని ఏఎండీ వాళ్ళే చెప్పినారు. రేపు అదే బోర్డులో ఎనిమిది కోర్ల ఎక్స్3డీ కూర్చోవాలంటే వీఆర్ఎం మీద హీట్‌సింక్ ఉన్న బీ650ఎం తీసుకో. ఎక్స్870 అవసరం లేదు. అందులో ఎక్కువ కట్టేది యూఎస్‌బీ4కూ, పీసీఐఈ 5.0కూ. 4060 ఉన్నదే పీసీఐఈ 4.0, అదీ ఎనిమిది లేన్లు (డేటా పోయే వరసలు).

గుత్తి_జంక్షన్
బీ840 అని ఒకటుంది, దాన్ని చూసి మోసపోవద్దు. నంబరు పెద్దది కాబట్టి బీ650 కంటే మేలనుకుంటారు. అందులో ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ లేదు, చిప్‌సెట్ లేన్లు పీసీఐఈ 3.0. గుణంలో ఏ620 పక్కన నిలబడేది అది. బీ850 వేరు, అది బాగుంటాది.

ప్రాసెసర్లలోనూ ఇదే తంతు. 8400ఎఫ్ అంటే 7500ఎఫ్ కంటే కొత్తది అని అంటగడతారు. దానికి ఎల్3 క్యాష్ 16 ఎంబీ, 7500ఎఫ్‌కి 32. కార్డుకు ఇచ్చే లేన్లు కూడా ఎనిమిదే. పాత ఏఎం4లో 5500కీ 5600కీ ఇదే తేడా: 5500కి 16 ఎంబీ, పీసీఐఈ 3.0. పేరులో అంకె చూసి కొనకండి, ఎల్3 ఎంతో చూసి కొనండి.

నంద్యాల_నెట్
అందరూ ఏఎం5, ఏఎం5 అంటున్నారు, ర్యామ్ రేటు ఎవరూ మాట్లాడరే? 2025 చివరి నుంచి డీడీఆర్5 రేట్లు మండిపోతున్నాయి. మెమొరీ కంపెనీలు సరుకంతా ఏఐ డేటా సెంటర్లకు మళ్ళించినాయి. మైక్రాన్ అయితే క్రూషియల్ పేరుతో మనలాంటోళ్ళకు అమ్మడమే మానేస్తున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. ఏఎం5లో డీడీఆర్4 పెట్టుకునే దారే లేదు. నా మాట: ఐ5-12400ఎఫ్, బీ760 డీడీఆర్4 బోర్డు. ఆరు కోర్లు, టర్బోలో 117 వాట్లు మించదు, 165 హెర్ట్జ్ మానిటర్‌కు ఇబ్బంది లేదు. మిగిలింది కార్డు మీద పెట్టు.

తుంగభద్ర_టెక్
@నంద్యాల_నెట్ ఇంట్లో పాత డీడీఆర్4 స్టిక్కులు ఉంటే నీ మాటే నా మాట. కానీ డీడీఆర్4 రేట్లూ ఎక్కినాయి, కొత్తగా కొనేవాళ్ళకు ముందున్నంత లాభం లేదు. పైగా ఆ డీడీఆర్4 తర్వాతి బోర్డుకు పనికిరాదు. ఈ రోజు కొన్న డీడీఆర్5 రేపటి ప్రాసెసర్‌కూ పనికొస్తుంది.

నంద్యాల_నెట్
అదీ నిజమే. అయితే చిత్రావతి తమ్ముడు ముందు చెప్పాల, ఇంట్లో పాత ర్యామ్ ఉందా లేదా?

చిత్రావతి_గేమర్
లేదన్నా. ల్యాప్‌టాప్ ర్యామ్ ఉంది, అది పట్టదు కదా.

పెన్నా_పిక్సెల్
పట్టదు. అది సోడిమ్, పొట్టిది.

అయితే ఏఎం5కే పో. 32 జీబీ కొనలేకపోతే 8 జీబీవి రెండు తీసుకుని, తర్వాత ఇంకో రెండు కలుపుదాం అనుకోవద్దు. ఏఎం5లో నాలుగు స్టిక్కులు పెడితే ఏఎండీ అధికారికంగా ఒప్పుకునే వేగం 3600 మాత్రమే. 6000 ర్యామ్ కొని 3600లో నడపడం ఏంటికి? 16 జీబీవి రెండు, డీడీఆర్5-6000, సీఎల్30 లేదా సీఎల్36 (ర్యామ్ ఆలస్యం లెక్క, తక్కువైతే మేలు), ఎక్స్‌పో ఉన్న జత ఒకే ప్యాకెట్లో తీసుకో. విడివిడిగా రెండు కొని కలపొద్దు, ఒకే పేరు ఉన్నా లోపల చిప్పులు వేరుగా ఉండొచ్చు. బోర్డు కంపెనీ సైట్లో క్యూవీఎల్ పట్టిక ఉంటుంది, ఆ ర్యామ్ మోడల్ నంబరు అందులో ఉందేమో చూడు.

నాలుగు స్లాట్ల బోర్డయితే ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది. పక్కపక్కన పెట్టొద్దు.

ఏడురోడ్ల_ఎఫ్‌పీఎస్
కడప నుంచి. ఇంటెల్ 13, 14 తరాలు వద్దంటారు, నిజంగా అంత ప్రమాదమా? ఇక్కడ ఐ5-14600కేఎఫ్ మంచి రేటుకు వస్తాంది.

గుత్తి_జంక్షన్
ప్రమాదం నిజమే, దానికి మందూ వచ్చింది. ప్రాసెసర్ అవసరానికి మించి వోల్టేజీ అడుక్కునేది, నెలల తరబడి అట్ల నడిచి లోపల పాడయ్యేది. గేములు షేడర్లు కంపైల్ చేసేటప్పుడు మూసుకుపోవడం, "అవుట్ ఆఫ్ వీడియో మెమొరీ" అని తప్పుడు ఎర్రర్ రావడం దాని గుర్తులు. ఇంటెల్ 2024 ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బీ మైక్రోకోడ్లు (ప్రాసెసర్‌ను సరిదిద్దే కోడు, బయోస్‌తో వస్తాది) ఇచ్చింది. పెట్టె ప్రాసెసర్లకు వారంటీ ఇంకో రెండేండ్లు పెంచింది.

కొత్తది కొంటే మొదటి రోజే బయోస్ (బోర్డును నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి, ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్ పెట్టి నడుపు. సెకండ్‌హ్యాండ్ 13, 14 తరం ఐ7, ఐ9లను మాత్రం ముట్టుకోవద్దు. ఒకసారి పాడైనదాన్ని మైక్రోకోడ్ బాగుచెయ్యలేదు, అమ్మేవాడు ఏ బయోస్ మీద ఎన్నాళ్ళు తిప్పినాడో మనకు తెలిసే దారి లేదు. 12వ తరానికి ఈ జబ్బు లేదు.

ఏడురోడ్ల_ఎఫ్‌పీఎస్
ఇంకొకటి. పాత పీసీ రైజెన్ 5 2600, బీ450 బోర్డు, 16 జీబీ డీడీఆర్4. దాన్నే లేపుదామా?

బురుజు_బిల్డ్స్
లేపు, ఈ ర్యామ్ రేట్లలో అంతకంటే తెలివైన పని లేదు. రైజెన్ 5 5600 పెట్టు. 5700ఎక్స్3డీ దొరికితే ఇంకా మేలు, కానీ ఇప్పుడు అంగళ్ళలో కనిపించడం తక్కువ.

వరస తప్పకు. పాత 2600 ఉండగానే బయోస్ అప్‌డేట్ చెయ్యి. కొత్త ప్రాసెసర్ పెట్టినాక చేద్దామంటే తెర మీద ఏమీ రాదు. బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ రాసి పెట్టుకో, ప్రాసెసర్ మారితే ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లోని భద్రతా భాగం) మారుతుంది, విండోస్ ఆ కీ అడుగుతుంది.

కూలర్ తీసేటప్పుడు జాగ్రత్త. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. పాత పేస్టు ఎండి జిగురులాగా పట్టేస్తుంది, కూలర్‌ను నిటారుగా లాగితే లివర్ వేసి ఉన్నా ప్రాసెసర్ సాకెట్లోంచి ఊడి దానికే అతుక్కుని వస్తుంది, పిన్నులు వంగుతాయి. ముందు పది నిమిషాలు ఏదైనా గేము ఆడి వేడి చెయ్యి, పీసీ ఆపి ప్లగ్గు తీసెయ్, కూలర్ స్క్రూలు లేదా కొక్కేలు వదిలించి అటూ ఇటూ మెల్లగా తిప్పు. కదిలిందని చేతికి తెలిసినాక పైకి తియ్యి.

బీ450లో కార్డుకు దొరికేది పీసీఐఈ 3.0. అందుకని ఆరెక్స్ 6500 ఎక్స్‌టీ లాంటి నాలుగు లేన్ల కార్డు కొనొద్దు, సగం దెబ్బ అక్కడే తగులుతుంది. ఎనిమిది లేన్ల కార్డులకు మామూలుగా తేడా కొద్దిగానే.

ఏడురోడ్ల_ఎఫ్‌పీఎస్
అర్థమైందన్నా. 14600కేఎఫ్ వదిలేసినా.

సీమ_సెగ
ఇంత మాట్లాడినారు, వేడి గురించి ఒక్క బురుజన్న తప్ప ఎవరూ ఎత్తలే. ఇంటర్నెట్లో రివ్యూలు 21, 22 డిగ్రీల గదిలో చేసినవి. మన మిద్దె గదుల్లో మే నెల మధ్యాహ్నం 38 ఉంటుంది. గది ఎంత పెరిగితే ప్రాసెసర్ కూడా దాదాపు అంతే పెరుగుతుంది. రివ్యూలో 75 కనిపిస్తే మన దగ్గర 91 అనుకోండి. 7600 గరిష్ఠ హద్దు 95, 7800ఎక్స్3డీకి 89. స్టెల్త్ కూలర్‌తో కాలిపోదు కానీ ఫ్యాను రొద భరించలేం. 120 ఎంఎం ఫ్యాను ఉన్న సింగిల్ టవర్ ఎయిర్ కూలర్ పెట్టండి, అది చాలు.

ఒక ముఖ్యమైన సంగతి: ఏఎం5 బోర్డు వెనక ప్లేటు సాకెట్‌ను పట్టి ఉంచేది, దాన్ని తీసి వేరే ప్లేటు పెట్టే కూలర్లు పట్టవు. ఏఎండీ ప్లేటునే వాడుకునేవి తీసుకోండి.

డబ్బు పెట్టకుండా చల్లబరచాలంటే బయోస్‌లో పీబీవోకి పోయి కర్వ్ ఆప్టిమైజర్ (ప్రాసెసర్‌కు పోయే వోల్టేజీ తగ్గించే సెట్టింగు) ఆల్ కోర్, నెగటివ్, 15 పెట్టండి. ఒకట్రెండు రోజులు ఆడి చూసి, ఎక్కడా మూసుకుపోకపోతే 20. మూసుకుపోతే 10కి దించండి. థర్మల్ లిమిట్ 85 పెట్టినా గేముల్లో తేడా కనిపించదు.

గాజు ముందు తలుపు ఉన్న కేబినెట్ వద్దు. ముందు జాలీ ఉండాలి, దాని వెనక దుమ్ము ఫిల్టర్ తీసి కడుక్కునేట్టు ఉండాలి. నల్లరేగడి దుమ్ము నెల తిరిగేసరికి జాలీని మూసేస్తుంది.

ఒంటిమిట్ట_ఓసీ
సీమ_సెగ చెప్పినదానికి కరెంటు కూడా కలపండి. 7600కి 88, కార్డుకి 115 వాట్లు, మిగతావి, మానిటర్ కలిపితే 250 నుంచి 300 అవుతాది. 600 వీఏ యూపీఎస్‌లు సాధారణంగా 360 వాట్లే ఇస్తాయి, బ్యాటరీ పాతబడితే కరెంటు పోయిన క్షణమే ఆగిపోతాయి. 1000 వీఏ, 600 వాట్లది తీసుకో. ఇంటి ఇన్వర్టర్ మీద నడపాలంటే ప్యూర్ సైన్ వేవ్ ఉండాల, దాని స్విచ్చి యూపీఎస్ మోడ్‌లో పెట్టాల. మామూలు మోడ్‌లో మారడానికి పట్టే సమయం ఎక్కువ, పీసీ రీస్టార్ట్ అవుతాది.

కేబినెట్ ముట్టుకుంటే చెయ్యి జుమ్మంటే ఎర్తింగ్ లేదని అర్థం. మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య చూడు, 2, 3 వోల్టులు దాటితే ఎలక్ట్రీషియన్ను పిలువు. కొత్త బోర్డు కొని ఆ ప్లగ్గులో పెట్టొద్దు.

చిత్రావతి_గేమర్
7600 తీసుకోవాల్నా, గ్రాఫిక్స్ లేని 7500ఎఫ్ తీసుకోవాల్నా? కార్డు ఎట్లాగూ ఉంది కదా.

తుంగభద్ర_టెక్
బెంగళూరులో ఉంటే 7500ఎఫ్ అనేవాణ్ణి. మన ఊళ్ళలో కార్డు చెడితే వారంటీకి హైదరాబాదుకో బెంగళూరుకో పోతుంది, వారాలు పడుతుంది. 7600లో చిన్న గ్రాఫిక్స్ ఉంది కాబట్టి అన్నాళ్ళూ బోర్డు హెచ్‌డీఎంఐకి తగిలించి మిగతా పనులు చేసుకోవచ్చు. తెర రాకపోతే తప్పు కార్డుదా బోర్డుదా అనేదీ రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఆ కొద్ది తేడా పెట్టు.

నంద్యాల_నెట్
కొనేది యాడ? కర్నూలోళ్ళం సికింద్రాబాద్ సీటీసీకి పోతాం, అనంతపురం వాళ్ళకు బెంగళూరు ఎస్పీ రోడ్డు దగ్గర, కడపోళ్ళకు చెన్నై రిచీ స్ట్రీట్ కూడా ఉంది. ఊళ్ళో అంగడి వాళ్ళు అదే రేటుకు తెప్పిస్తే ఊళ్ళోనే కొను, చెడితే ఎదురుగా మనిషి ఉంటాడు.

ఎక్కడ కొన్నా 18 శాతం జీఎస్టీతో బిల్లు, అందులో ప్రాసెసర్, బోర్డు సీరియల్ నంబర్లు రాయించుకో. "బిల్లు లేకుంటే తగ్గిస్తా" అనేవాళ్ళ దగ్గర ఆగొద్దు. ప్రాసెసర్ పెట్టెలోదా ట్రేదా (కంపెనీ పెట్టె లేకుండా విడిగా వచ్చేదా) అడుగు. ట్రే సరుకుకు కంపెనీ మూడేండ్ల వారంటీ ఉండదు, అమ్మినవాళ్ళు ఇచ్చిందే.

బురుజు_బిల్డ్స్
బోర్డు పెట్టె అంగట్లోనే తెరిపించు. ఏఎం5లో పిన్నులు సాకెట్లో ఉంటాయి, 1718. నల్ల మూత తీయించి ఫోను టార్చి పక్క నుంచి వాలుగా పట్టి చూడు. అన్నీ ఒకే తీరుగా మెరవాలి. ఒక చోట మెరుపు తెగినట్టు కనిపిస్తే అక్కడ పిన్ను వంగింది, ఆ బోర్డు వద్దను. ఇంటికి పోయినాక చూపిస్తే ఎవరూ ఒప్పుకోరు. ఆ మూత పారేయొద్దు, వారంటీకి పంపేటప్పుడు మూత లేకుంటే తీసుకోరు.

చిత్రావతి_గేమర్
తేల్చినా: రైజెన్ 5 7600, హీట్‌సింక్, బయోస్ ఫ్లాష్‌బ్యాక్ (ప్రాసెసర్ లేకుండానే బయోస్ అప్‌డేట్ చేసే బటను) రెండూ ఉన్న బీ650ఎం, 16 జీబీవి రెండు 6000 సీఎల్36, 4060 అట్లే. 550 వాట్లు చాలు కదా? బిగించేటప్పుడు ఏమన్నా చెప్పేదుంటే చెప్పండి.

పెన్నా_పిక్సెల్
చాలు, 4060కి ఎన్విడియా చెప్పేదీ 550నే. బ్రాంజ్ సర్టిఫికెట్ ఉన్నది తీసుకో. బోర్డు పైమూల ఉండే ఎనిమిది పిన్నుల ప్రాసెసర్ కేబులు కేబినెట్లో బోర్డు బిగించకముందే ఆ సందులోంచి లాగి పెట్టుకో, తర్వాత చెయ్యి పట్టదు. దానిలో 4+4 అని ఉండాలి. కార్డుకు పోయే 6+2 కేబుల్‌ను అక్కడ బలవంతంగా దూర్చొద్దు.

గుత్తి_జంక్షన్
మొదటిసారి ఆన్ చేస్తే తెర నల్లగానే ఉంటాది, బోర్డు మీద డీర్యామ్ లైటు వెలుగుతా ఉంటాది. భయపడి ఆపొద్దు. ఏఎం5 ర్యామ్‌ను ట్రెయిన్ చేసుకుంటాంది, కొన్ని నిమిషాలు పట్టొచ్చు. పావుగంట దాటినా అట్లే ఉంటే అప్పుడు ఆపి, నాలుగో స్లాటులోది తీసేసి ఒక్క స్టిక్కు రెండో స్లాటులో పెట్టి చూడు.

తెర వచ్చినాక విండోస్ కంటే ముందు బయోస్ అప్‌డేట్. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి పెట్టుకో. అంగట్లో చాన్నాళ్ళుగా పడున్న బోర్డయితే ఇది మరీ ముఖ్యం. 2023లో కొన్ని ఎక్స్3డీలు కాలిపోయినాక ఎస్ఓసీ (ప్రాసెసర్‌లో ర్యామ్‌ను చూసుకునే భాగం) వోల్టేజీని 1.3కి కట్టేస్తూ కొత్త బయోస్‌లు వచ్చినాయి. 9000 వరస ప్రాసెసర్లను గుర్తుపట్టేదీ కొత్తవే. వాలరెంట్‌కు విండోస్ 11లో టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ రెండూ ఉండాల, అందుకని బయోస్‌లో సీఎస్ఎం (పాత బూట్ పద్ధతి) ఆఫ్ చేసి డిస్క్‌ను జీపీటీగా పెట్టి ఇన్‌స్టాల్ చెయ్యి.

అప్‌డేట్ చేస్తే సెట్టింగులన్నీ మొదటికి వస్తాయి, కాబట్టి ఎక్స్‌పో దాని తర్వాతే ఆన్ చెయ్యి, మళ్ళా కొంచెంసేపు నల్ల తెర ఉంటాది. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి మెమొరీ దగ్గర చూడు. 4800 అని ఉంటే ఎక్స్‌పో పట్టలేదు, 6000 కనపడాల.